విజయవాడ, గుంటూరు వైపు ఇల్లు మారాలి: ఏ ఏరియాలో క్యాన్సర్ తక్కువో తెలిసే దారి ఉందా?

మియాపూర్_టు_బెజవాడ
14 ఏళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటున్నాం. నాకు పూర్తిగా ఇంటి నుంచే పని ఇచ్చేశారు. నాన్న గుంటూరులో ఒక్కరే ఉంటున్నారు. పిల్లల బళ్ళు తెరిచేలోపు ఇటు వచ్చేద్దామనుకున్నాం. గొల్లపూడిలో ఒక ఫ్లాటు, పోరంకిలో ఒక విడి ఇల్లు, గుంటూరు విద్యానగర్‌లో ఇంకొకటి చూసిపెట్టుకున్నాం. గొల్లపూడిది అందరికీ నచ్చింది. అడ్వాన్స్ ఇవ్వడానికి బయల్దేరాల్సిన ముందు రోజు రాత్రి ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒక మ్యాప్ పడేశారు. క్యాన్సర్ ఎక్కువున్న జిల్లాలకి ఎరుపు, తక్కువున్న వాటికి ఆకుపచ్చ. కృష్ణా, గుంటూరు రెండూ పండుమిరపకాయల్లా ఉన్నాయి. ఎవరు వేశారో, ఏ సంవత్సరం లెక్కో కింద ఒక్క ముక్క లేదు.

మా అత్తగారికి 46వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. మూడేళ్ళు అవస్థపడి పోయారు. అందుకని మా ఆవిడ ఆ మ్యాప్‌ని తేలిగ్గా తీసుకోలేకపోతోంది. గొల్లపూడి అవతల ఇబ్రహీంపట్నంలో థర్మల్ కరెంటు ప్లాంటు ఉంది కదా, "థర్మల్ పక్కన పిల్లల్ని పెంచుతామా" అంటోంది. అడ్వాన్స్ ఆగిపోయింది.

అడిగేది రెండే. ఏరియా వారీగా క్యాన్సర్ లెక్కలు నిజంగా ఎక్కడైనా దొరుకుతాయా? దొరికితే వాటిని చూసి ఇల్లు ఎంచుకోవడంలో అర్థం ఉందా? వెటకారాలు వద్దండీ, ఆవిడ కూడా ఇది చదువుతుంది.

బెజవాడ_బాబాయ్
మే నెలలో బందరు రోడ్డు మీద మధ్యాహ్నం రెండింటికి నిలబడు నాయనా. క్యాన్సర్ సంగతి మర్చిపోతావు.

పటమట_పద్మ
వెటకారం వద్దన్నాక మొదటి రిప్లైనే ఇదా బాబాయ్ గారూ? ఇంట్లో ఒకరు పోయినవాళ్ళకి ఆ భయం ఎలా ఉంటుందో మాకు తెలుసు.

బెజవాడ_బాబాయ్
తప్పయింది తల్లీ. ఎండ మాట మాత్రం నిజం.

బూడిదలో_పన్నీరు
నేను పుట్టిందీ పెరిగిందీ ఇబ్రహీంపట్నంలోనే. పేరు చూస్తే అర్థమయ్యే ఉంటుంది. మీ ఆవిడ అడిగినది పిచ్చి ప్రశ్న కాదు.

మా మేడ మీద తెల్ల పంచె ఆరేస్తే సాయంత్రానికి దులిపి తీయాలి. నీళ్ళ డ్రమ్ముకి మూత లేకపోతే పైన సన్నటి తెట్టు కడుతుంది, వేలితో గీత గీస్తే గీత నిలుస్తుంది. ప్లాంటు 1979లో మొదలైంది, పెంచుకుంటూ పోయి ఇప్పుడు 2,560 మెగావాట్లు. పొగ గొట్టం ఎత్తుగా ఉంటుంది కాబట్టి పొగ ఎక్కడికో పోతుందంటారు, సరే. బూడిద లారీలు మాత్రం మా ఇంటి ముందు నుంచే పోతాయి. పట్టా కట్టినవి కొన్ని, కట్టనివి కొన్ని. దగ్గు, ఆయాసం లేని ఇల్లు మా లైనులో లేదు.

క్యాన్సర్ అంటారా, మా లైనులో 60 ఇళ్ళు. గత పదేళ్ళలో ఐదుగురికి వచ్చింది, ముగ్గురు పోయారు. దీన్ని ఏ మ్యాప్‌లో చూపిస్తారో నాకు తెలియదు.

అనుమానం_పెనుభూతం
థర్మల్ ఒక్కటే కాదు, సెల్ టవర్లు కూడా లెక్కేసుకోండి. మా అపార్ట్‌మెంట్ మీద రెండున్నాయి.

కేస్‌షీటు
టవర్ల సంగతి పక్కన పెడదాం. మ్యాప్ సంగతి చెప్తాను, ఎందుకంటే రెండేళ్ళు నా ఉద్యోగం అదే. వేరే రాష్ట్రంలో ఒక క్యాన్సర్ రిజిస్ట్రీలో పనిచేశాను.

దేశంలో ఈ లెక్కలు తీసేది కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ కింద నడిచే జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ. 1981లో మొదలైంది. రిజిస్ట్రీలు రెండు రకాలు. ఒకటి ఆసుపత్రిది: ఆ ఆసుపత్రికి వచ్చిన రోగులెందరో చెబుతుంది, అంతే. దాంతో ఊరికి రేటు కట్టలేం. రెండోది జనాభాది: ఒక జిల్లానో నగరాన్నో తీసుకుని, అక్కడ నివాసం ఉండేవాళ్ళలో ఎవరికి ఎక్కడ క్యాన్సర్ తేలినా వెతికి పట్టుకుంటుంది. రేటు అనే మాట దీంట్లోనే పుడుతుంది. 2020లో వచ్చిన జాతీయ నివేదికలో ఇలాంటివి 28 ఉన్నాయి. హైదరాబాద్ ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్క జిల్లా లేదు. గుంటూరు లేదు, కృష్ణా లేదు. ఇక మీ గ్రూపులో తిరిగే మ్యాప్‌కి ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో వేసినవాడినే అడగాలి.

పని ఎలా ఉంటుందో కూడా చెప్తాను. పొద్దున్నే ఒక ఆసుపత్రి రికార్డు రూముకి వెళ్ళి కట్టలు విప్పి, బయాప్సీ రిపోర్టు ఉన్న కేస్‌షీట్లన్నీ తీసి పేరు, వయసు, ఊరు, క్యాన్సర్ రకం రాసుకోవాలి. మధ్యాహ్నం ల్యాబుకి. వారానికోసారి మున్సిపాలిటీలో మరణాల రిజిస్టరు. తర్వాత అదే మనిషి మూడు చోట్ల మూడు స్పెల్లింగులతో ఉంటే ఒకటి చేయాలి. అన్నిటికన్నా ప్రాణం తీసేది అడ్రసు గడి. ఎక్కడో పల్లె నుంచి వచ్చి టౌనులో కూతురింట్లో దిగిన పెద్దాయన కూతురి అడ్రసే ఇస్తాడు, ఉత్తరాలు అక్కడికి వస్తాయని. మేం ఫోన్ చేసి "ఏడాదిగా ఎక్కడుంటున్నారు" అని అడిగేవాళ్ళం. ఏడాది నివాసం ఉంటేనే ఆ ఊరి లెక్క. ఫోన్ కలవకపోతే ఆ పల్లె క్యాన్సర్ టౌను ఖాతాలో పడుతుంది. పెద్దాసుపత్రి ఉన్న ఊరు ఊరికే ఎర్రగా కనిపించడానికి ఇదొక కారణం.

బ్రాడీపేట_వాస్తవ్యుడు
అంటే గుంటూరు ఎర్రగా ఉండటానికి మా ఊళ్ళో సందుకో ఆసుపత్రి ఉండటమే కారణమన్నమాట. కొత్తపేటలో బోర్డులు చదువుకుంటూ నడిస్తే డాక్టరు చదువు సగం అయిపోతుంది.

మియాపూర్_టు_బెజవాడ
కేస్‌షీటు గారూ, చాలా థ్యాంక్స్. అయితే హైదరాబాద్ రేటు ఎంతుంది ఆ నివేదికలో?

కేస్‌షీటు
చెప్తే మీ ఇంట్లో గొడవ అవుతుందేమో. రొమ్ము క్యాన్సర్‌లో దేశంలోకెల్లా హైదరాబాదే పైన ఉంది. లక్ష మంది ఆడవాళ్ళకి ఏడాదికి 48. తర్వాత చెన్నై, బెంగళూరు, ఢిల్లీ.

బెజవాడ_బాబాయ్
చూశావా, ఎరుపులోంచి ఎరుపులోకి దూకబోతూ కంగారు. ఇక్కడికొచ్చేయ్.

లెక్కల_మాస్టారు
బాబాయ్, అలా చదవకూడదు. హైదరాబాద్ గాలిలో ఏదో ఉందని కాదు ఆ 48 చెప్పేది. నగరాల్లో మొదటి కాన్పు ఆలస్యం, పిల్లలు తక్కువ, పాలిచ్చే నెలలు తక్కువ, ఒళ్ళు ఎక్కువ, కదలిక తక్కువ. పైగా అక్కడ పరీక్ష చేసే చోట్లు ఎక్కువ, రాసుకునే రిజిస్ట్రీ ఉంది. మియాపూర్ నుంచి గొల్లపూడికి లారీ ఎక్కితే వీటిలో ఏదీ వెనక ఉండిపోదు. మనిషితో పాటే వస్తాయి.

ఇంకో మెలిక. మెజారిటీ క్యాన్సర్లు మొదలై బయటపడటానికి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు పడుతుంది. కేస్‌షీటు చెప్పిన ఏడాది నివాసం నియమం ప్రకారం, మీరు మారిన రెండో ఏడాది ఏదైనా బయటపడితే అది ఇక్కడి ఖాతా. తయారైంది మాత్రం హైదరాబాద్‌లోనో అంతకు ముందున్న ఊళ్ళోనో.

రేట్లు పోల్చేటప్పుడు వయసు సర్దారా లేదా, అంటే ఊళ్ళ మధ్య వయసుల తేడాని లెక్కలోంచి తీసేశారా లేదా కూడా చూడాలి. ముసలివాళ్ళు ఎక్కువున్న చోట క్యాన్సర్ ఎక్కువే ఉంటుంది. పిల్లలంతా అమెరికా పోయి అమ్మానాన్నలే మిగిలిన మన కృష్ణా జిల్లా ఊళ్ళు తీసుకోండి. అక్కడ సర్దకుండా లెక్క కడితే భయంకరంగా వస్తుంది.

బూడిదలో_పన్నీరు గారి లైను గురించి కూడా ఒక మాట. దేశం మొత్తం మీద 2022 అంచనా 14.61 లక్షల కొత్త కేసులు, అంటే లక్షకి ఏడాదికి దాదాపు 100. 60 ఇళ్ళంటే 240 మంది అనుకుందాం. పదేళ్ళకి సగటున రెండు, రెండున్నర కేసులు. కానీ సగటు అన్ని లైన్లకీ సమానంగా పంచరు కదా. లెక్క కడితే, ఏ ప్రత్యేక కారణమూ లేకుండానే పది లైన్లలో ఒకదాంట్లో ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో తేలతారు. విజయవాడ చుట్టుపక్కల లైన్లు ఎన్ని వేలుంటాయో మీరే చూడండి. గోడ మీదికి గుప్పెడు గులకరాళ్ళు విసిరి, ఎక్కువ తగిలిన చోట ముగ్గు వేసి "ఇదే గురి" అన్నట్టుంటుంది.

బూడిదలో_పన్నీరు
మాస్టారూ, లెక్క బాగుంది. పదిలో ఒక లైను అన్నారు. ఆ ఒకటి బూడిద పక్క లైనే ఎందుకయిందో కూడా లెక్క చెప్తుందా? రిజిస్ట్రీ లేదని కేస్‌షీటు గారే అన్నారు. లెక్క తీయలేదు కాబట్టి క్యాన్సర్ లేదనుకోమంటారా? మీరు కాలేజీలో పాఠం చెప్పి ఇంటికెళ్తారు, మేం కిటికీలు మూసుకుని పడుకుంటాం.

లెక్కల_మాస్టారు
లేదని అనలేదండీ. ఐదుతో ఉందని తేలదు అన్నాను. రెండూ వేరు.

సూదిమందు_సిస్టర్
బూడిదలో_పన్నీరు గారూ, ఆ ఐదుగురిదీ ఒకే రకమా?

బూడిదలో_పన్నీరు
కాదమ్మా. ఒకాయనకి నోరు. ఇద్దరు ఆడవాళ్ళకి, ఒకరికి రొమ్ము, ఒకరికి గర్భసంచి ముఖద్వారం. ఒకరికి పెద్దపేగు. ఇంకొకాయనకి ఊపిరితిత్తులు.

సూదిమందు_సిస్టర్
నోరు ఆయన ఖైనీ గానీ గుట్కా గానీ నమిలేవారా?

బూడిదలో_పన్నీరు
ఖైనీ. జేబులో ఎప్పుడూ ఉండేది. అదెందుకో మీరు అడుగుతారని తెలుసు. కానీ ఊపిరితిత్తులు పోయినాయన బీడీ ముట్టలేదు, సిగరెట్ ముట్టలేదు. పదకొండేళ్ళు బూడిద లారీ నడిపాడు.

సూదిమందు_సిస్టర్
అదీ సంగతి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వైరస్ వల్ల. దానికీ బూడిదకీ సంబంధం లేదు. నోటిది పొగాకు. రొమ్ముకి కారణాలు మాస్టారు చెప్పారు. ఒక ఊరిని నిజంగా అనుమానించాలంటే ఒకే రకం, అందులోనూ అరుదైన రకం, ఒకేచోట కుప్పపడాలి. టర్కీలో కప్పడోకియా దగ్గర కొన్ని పల్లెల్లో మీసోథీలియోమా అనే చాలా అరుదైన క్యాన్సర్ ఇళ్ళకి ఇళ్ళని పట్టుకుపోయింది. వెతికితే అక్కడి రాతిలో ఎరియోనైట్ అనే ఖనిజం దొరికింది, ఆ రాళ్ళతోనే ఇళ్ళు కట్టుకున్నారు. చోటు వల్ల వచ్చే క్యాన్సర్ అంటే అది.

లారీ డ్రైవర్ గారి సంగతి నేను తీసిపారేయను. బయటి గాలి కాలుష్యాన్నే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో 2013లో పెట్టారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే ఐఏఆర్‌సీ వాళ్ళు. పదకొండేళ్ళు ఆ దుమ్ములో కూర్చోవడం, పది కిలోమీటర్ల అవతల ఫ్లాట్‌లో ఉండటం ఒకటి కాదు. అంతే నేననేది.

సిక్కోలు_చిన్నది
పొగాకు మాట వచ్చింది కాబట్టి. మా శ్రీకాకుళం వైపు మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. పైదవడ కాలి అంగిలి క్యాన్సర్ రావడం అక్కడ ఎప్పటి నుంచో డాక్టర్లు రాస్తున్నారు. ఆ జిల్లాని ఎర్రగా వేస్తే చూసినవాళ్ళు సముద్రపు గాలి మంచిది కాదనుకుంటారేమో! ఊరు మారినా చుట్ట మారదు కదా. నాయనమ్మ గుంటూరొచ్చి మా ఇంట్లో ఎనిమిదేళ్ళుంది, ఇక్కడా అదే తాగింది.

బ్రాడీపేట_వాస్తవ్యుడు
గుంటూరులో పొగాకు బోర్డు పెట్టుకుని మనం గాలి గురించి మాట్లాడుకుంటున్నాం.

అనుమానం_పెనుభూతం
పంజాబ్‌లో భటిండా నుంచి క్యాన్సర్ ట్రైనే ఉంది. పత్తికి కొట్టే మందుల వల్ల. గుంటూరు జిల్లా మిరపకి అంతకు రెట్టింపు కొడతారు. ఇక్కడా అదే జరుగుతుంది, చెప్పరంతే.

కేస్‌షీటు
ఆ ట్రైను భటిండా నుంచి రాజస్థాన్‌లోని బికనీర్ వెళ్తుంది. ఎందుకంటే తక్కువ ఖర్చులో వైద్యం బికనీర్‌లో దొరికింది, వాళ్ళ జిల్లాలో దొరకలేదు. ట్రైను నిండా రోగులుంటే ఊళ్ళో ఆసుపత్రి లేదని తెలుస్తుంది, రేటు ఎంతో తెలియదు. 2013లో పంజాబ్ ప్రభుత్వం ఇంటింటి సర్వే చేస్తే లక్షకి 90 దాకా తేలింది, అప్పట్లో వాళ్ళు చెప్పిన దేశ సగటు 80. తేడా ఉంది, కానీ ట్రైను పేరు విన్నప్పుడు మనసులో వచ్చే బొమ్మ అంత కాదు. ఇందాకటి నివేదికలోనే ఢిల్లీ మగవాళ్ళ రేటు పంజాబ్‌లోని పటియాలా కంటే ఎక్కువ.

రేట్లలో అసలు తేడా చూడాలంటే అదే నివేదికలో మిజోరం రాజధాని ఐజ్వాల్ చూడండి. వయసు సర్దాక లక్ష మంది మగవాళ్ళకి 269. అదే మహారాష్ట్రలో ఉస్మానాబాద్, బీడ్ వైపు 39.5. ఏడు రెట్లు! ఐజ్వాల్‌లో పొగాకు వాడకం విపరీతం, పొగాకు పొగ పట్టించిన నీళ్ళని కూడా నోట్లో పోసుకుంటారు. ఊరి పేరు కింద దాక్కున్నది అలవాటే.

కళ్ళం_కబుర్లు
మిరప రైతుని నేను, ప్రత్తిపాడు వైపు. ట్రైను వాదన నాకు అక్కర్లేదు గానీ మందుల మాట తేలిగ్గా వదలొద్దు. మాలాథియాన్, డయాజినాన్ లాంటి వాటిని 2015లో అదే ఐఏఆర్‌సీ "బహుశా క్యాన్సర్ కారకం" వర్గంలో పెట్టింది. పంట తినేవాడికన్నా మందు కొట్టేవాడికి ప్రమాదం. మా ఊళ్ళో మందు కొట్టే కూలీలు మూతికి తువ్వాలు కట్టుకుంటారు, అది తడిస్తే దాంతోనే మొహం తుడుచుకుంటారు. ఖాళీ డబ్బా కడిగి నీళ్ళు పట్టుకునే ఇళ్ళు నేను చూశాను. ఇక విద్యానగర్‌లో మేడ మీద ఉండేవాళ్ళకి మా చేను కన్నా మార్కెట్లో కొన్న కూరగాయ కడుక్కోవడం ముఖ్యం.

ఇంకోటి ఎవరూ అడగరు. తాలు కాయలు. కళ్ళంలో వాన పడి నెమ్ము చేరితే కాయ తెల్లబడుతుంది, విత్తనం దగ్గర బూజు. దాన్ని చవగ్గా కొని కారం ఆడించేవాళ్ళున్నారు. ఆ బూజుల్లో కొన్నిటికి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కాలేయ క్యాన్సర్‌కి ఖాయమైన కారకం. మరీ చవగ్గా దొరికే కారం ఎక్కడున్నా కొనకండి. కాయ కొని ఎండబెట్టి మర ఆడించుకోండి. మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళందరూ చేసేదే.

పటమట_పద్మ
అన్నా, ఈ ఒక్క పోస్టు మా అత్తగారికి వినిపించాలి. ఆన్‌లైన్‌లో కారం తెప్పించానని నెల రోజుల నుంచి మాటల్లేవు.

మోడరేటర్
"క్యాన్సర్ రాకుండా కషాయం" అమ్మకం పోస్టులు మూడు తీసేశాను. నాలుగోది పెడితే ఐడీ పోతుంది.

సింగ్‌నగర్_సీను
ఇళ్ళ గురించి మాట్లాడుతున్నారు కదా, అసలు ప్రమాదం అడగండి నన్ను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు మా ఇంట్లోకి ఛాతీ లోతు వచ్చింది. ఫ్రిజ్ తేలి వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది. లక్షకి ఇరవై తేడా కోసం నెలలు వెతికేవాళ్ళు, ఆ ఇంటి మెట్టు ఏ ఎత్తులో ఉందో ఒక్కసారి చూడండి. ఓనరు గోడ మీద నీళ్ళ గుర్తుకి సున్నం వేసేసి ఉంటాడు, పక్కింటి గోడ చూడాలి.

లెక్కల_మాస్టారు
సీను చెప్పింది అక్షరాలా నిజం. లక్షకి 100 ఉన్నచోటికీ 120 ఉన్నచోటికీ తేడా ఏడాదికి 5,000 మందిలో ఒకరు. అది కూడా ఆ తేడా మొత్తం చోటు వల్లే అనుకుంటే.

అనుమానం_పెనుభూతం
మరి బలభద్రపురం? ఒక్క ఊళ్ళోనే అంతమందికి క్యాన్సర్ అన్నారు కదా. అక్కడ కూడా గులకరాళ్ళేనా?

కేస్‌షీటు
తూర్పు గోదావరిలో బిక్కవోలు మండలం. 2025 మార్చిలో ఎమ్మెల్యే అసెంబ్లీలో మాట్లాడాక వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగాయి. అలా తిరగడం మంచిదే, బూడిదలో_పన్నీరు గారి ఊళ్ళో కూడా తిరగాలి. కానీ ఒకటి చూడండి. పదివేల జనాభా ఉన్న ఏ ఊళ్ళోనైనా సగటు లెక్కనే ఏడాదికి పదిమందికి కొత్తగా వస్తుంది. వైద్యం పొంది బతికున్నవాళ్ళు, పోయినవాళ్ళు కలిపి ఐదారేళ్ళవి ఒకేసారి ఏకరువు పెడితే ఏ ఊరైనా వణికిపోతుంది. ఇంతకుముందు ఎవరూ బయటికి చెప్పుకోని జబ్బు కాబట్టి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది.

బూడిదలో_పన్నీరు
"మా ఊళ్ళో తిరగాలి" అన్నారు. ఈ చర్చలో నాకు నచ్చిన మొదటి మాట.

బ్రాడీపేట_వాస్తవ్యుడు
మా నాన్న సంగతి రాస్తాను. మిర్చి యార్డులో గుమస్తా. 2009లో నాలుక పక్కన పుండు. పన్ను గుచ్చుకుంటోందని ఆరు నెలలు పసుపు పెట్టుకున్నాడు, తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పన్ను పీకించుకున్నాడు. పీకినాయన పుండు చూడలేదు. తేలేసరికి మెడలో గడ్డ.

రేడియేషన్ 30 సిట్టింగులు అన్నారు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. హైదరాబాద్‌లో. ఆసుపత్రి వెనక సందులో నెలకి నాలుగు వేలకి ఒక గది, ఆ గదిలో ఇంకో రెండు కుటుంబాలు. కరెంటు కుక్కర్ మీద వంతుల వారీగా జావ కాచుకునేవాళ్ళం, ఎందుకంటే ముగ్గురు రోగులకీ మింగుడుపడేది అదొక్కటే. శుక్రవారం రాత్రి రైలెక్కి గుంటూరు, ఆదివారం రాత్రి మళ్ళీ అటు. 22వ సిట్టింగు దగ్గర "ఇంక రాను, ఇంట్లో పోతాను" అన్నాడు. వెళ్ళలేదు. ఏడాదిన్నర బతికాడు.

ఆ రోజుల్లో ఆ వైద్యం గుంటూరులోనే అంది ఉంటే మిగిలిన ఆ ఎనిమిది కూడా అయ్యేవి. ఇప్పుడు గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ బ్లాకు ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. మ్యాప్‌లో నన్ను గీయమంటే ఇంటి నుంచి రేడియేషన్ మిషను ఎంత దూరమో గీస్తాను.

పటమట_పద్మ
🙏

బెజవాడ_బాబాయ్
పసుపు మా ఇంట్లోనూ పెట్టాం. ఆ సంగతి ఇక్కడ రాయలేను.

మియాపూర్_మేడమ్
ఆ "మా ఆవిడ" నేనే. అన్నీ చదివాను.

ఒక్కటి చెప్పాలి. అంకెలు నాకు అర్థంకాక కాదు ఈ గొడవ. అమ్మకి వచ్చినప్పుడు అందరూ కారణం వెతికారు. ఫ్రిజ్‌లో పెట్టినవి తిన్నావు, ప్లాస్టిక్ డబ్బా వాడావు, బిడ్డకి పాలు తక్కువ రోజులు ఇచ్చావు. ఆఖరిది అమ్మమ్మ అంది. అమ్మ పోయేముందు నాతో "నేనేం చేశానే" అని అడిగింది. రేపు నా కూతురు నన్ను అడిగితే "మ్యాప్ చూసి కూడా అక్కడే ఇల్లు తీసుకున్నాం" అని చెప్పాల్సి వస్తుందేమోనని. అంతే.

సూదిమందు_సిస్టర్
అమ్మా, మీ వయసెంత?

మియాపూర్_మేడమ్
38.

సూదిమందు_సిస్టర్
మామోగ్రామ్ అంటే రొమ్ము ఎక్స్‌రే గానీ, డాక్టరు చేతి పరీక్ష గానీ ఎప్పుడైనా అయిందా?

మియాపూర్_మేడమ్
లేదు. ఏదైనా తేలుతుందేమోనని భయం.

సూదిమందు_సిస్టర్
తల్లికి చిన్న వయసులో వచ్చినప్పుడు, ఆమెకి వచ్చిన వయసుకి పదేళ్ళ ముందు నుంచే కూతురు పరీక్షలు మొదలుపెట్టాలని చెప్తారు. అమ్మగారికి 46. అంటే మీకు 36 నుంచి. రెండేళ్ళు దాటింది. తిట్టడం కాదు. ఆ మ్యాప్ మీద పెట్టిన రోజుల్లో ఒక్క పూట ఇది చేసి ఉంటే బాగుండేది. అమ్మగారి బయాప్సీ రిపోర్టు ఇంట్లో ఉంటే తీసుకెళ్ళండి. అమ్మమ్మ వైపు, పిన్నుల్లో ఇంకెవరికైనా రొమ్ముదో అండాశయందో వచ్చిందా అని అడిగి రాసుకోండి. ఈ రెండు క్యాన్సర్లూ వంశంలో వచ్చేలా చేసే బ్రాకా జీను ఉందేమో చూసే రక్తపరీక్ష అవసరమో లేదో దాన్ని బట్టి డాక్టరు చెప్తారు. అది మియాపూర్‌లోనూ అదే, గొల్లపూడిలోనూ అదే. జిల్లా మారితే మారేది కాదు.

మిగతా ఆడవాళ్ళకి కూడా: 30 దాటితే నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ పథకంలోనే ఉన్నాయి. ఏఎన్ఎం వస్తే "మాకేం లేదమ్మా" అని తలుపేసుకోకండి. ఆ తలుపులు చాలా చూశాను.

"నేనేం చేశానే" అన్న ప్రశ్నకి జవాబు, అమ్మగారు ఏమీ చేయలేదు.

పటమట_పద్మ
నాకు 41. రేపు ఫోన్ చేస్తాను. నిజంగా.

మియాపూర్_టు_బెజవాడ
వారం తర్వాత అప్‌డేట్. పరీక్ష అయింది. ఒకచోట చిన్న గడ్డలాంటిది ఉందన్నారు, చూస్తే నీటితిత్తి. ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. పిన్నిగారికి అండాశయం క్యాన్సర్ వచ్చిన సంగతి మాకెవరికీ చెప్పలేదట, ఇప్పుడు బయటపడింది. జీను పరీక్షకి రక్తం ఇచ్చింది, రిపోర్టు రావాలి.

గొల్లపూడి ఫ్లాటు వేరేవాళ్ళకి ఇచ్చేశాడు ఓనరు. పోరంకి ఇంటికి సీను గారు చెప్పినట్టు పక్కింటి గోడ చూశాం, గుర్తేం లేదు. విద్యానగర్‌ది ఎయిమ్స్‌కి అరగంట, నాన్నకి దగ్గర, కానీ మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నాన్న ఎక్కి చూసి, దిగి, "ఇది మీరుండండి, నేను రాను" అన్నారు.

బెజవాడ_బాబాయ్
అదే అపార్ట్‌మెంట్‌లో కింద ఎవరైనా ఖాళీ చేస్తున్నారేమో వాచ్‌మన్‌ని అడుగు. ఓనర్లకన్నా వాళ్ళకే ముందు తెలుస్తుంది.

కళ్ళం_కబుర్లు
విద్యానగర్ అయితే చెప్పండి, ఫిబ్రవరిలో ఎర్రకాయ పది కేజీలు పంపుతా. తాలు లేకుండా ఏరి.

బూడిదలో_పన్నీరు
మీకు మంచి జరగాలండీ. మేం ఇక్కడే ఉంటాం. మా లైనులో అందరి పేర్లు, వయసు, ఏ రకం, ఏం పని చేసేవారు, ఎన్నేళ్ళు ఇక్కడున్నారు అని ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. కేస్‌షీటు గారూ, ఇంకేం గడులు గీయాలి?

కేస్‌షీటు
ఏ సంవత్సరం తేలింది, బయాప్సీ రిపోర్టు ఉందా లేదా, పొగాకు. రాని ఇళ్ళు కూడా రాయండి, అవి లేకపోతే లెక్క కాదు. అడ్రసు గడి పెద్దదిగా గీయండి.